నమూనా అంగట్లో పెట్టకూడదు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది, ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి అని. ఏదో ఒకటి నేర్చుకోండి, మూడు నెలల్లో వస్తుంది. ఏళ్లు పట్టేది అనుమానించడం నేర్చుకోవడానికి. "ఏమీ మారలేదు, ఫైళ్లు అటూ ఇటూ జరిపామంతే" అని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ విప్పి చూడందే ఊరుకోను. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. మొన్న మా ఆవిడ వంటింట్లో డబ్బాలు సర్ది, అన్నీ ఉన్నవే, చోట్లు మారాయంతే అంది. నేను ఒక్కో డబ్బా మూత తీసి చూశాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో ఇక్కడ రాయను. అది ఎవరికీ పనికిరాదు. ఒక్క పని గురించి రాస్తాను. నా అనుమానం వల్ల ఒక మనిషికి జరిగిన అన్యాయం అందులో ఉంది. అది వదిలేసి మిగతావన్నీ రాస్తే మీరు నన్ను నమ్మాల్సిన అవసరం లేదు.

అంగడి

మాది పత్తికొండ. నాయనకు కిరాణా అంగడి. కందిపప్పు కొత్త బస్తా వస్తే విప్పగానే గుప్పెడు తీసి చిన్న డబ్బాలో పోసి, పైన చీటీ అంటించి, ఇంట్లో బీరువా మీద పెట్టేవాడు. అదే వ్యాపారి మళ్లీ సరుకు పంపినప్పుడు ఆ డబ్బా తెచ్చి, పాత గుప్పెడు పక్కన కొత్త గుప్పెడు పోసి, వెలుతురులో చూసేవాడు. తేడా కనిపిస్తే బస్తా వెనక్కి పోయేది. ఎదుటివాడు ఎంత తెలిసినవాడైనా సరే, చూడకుండా దించుకునేవాడు కాదు.

ఆ డబ్బాల కోసం రోజూ ఇంటికీ అంగడికీ తిరిగేది నేనే. ఒకసారి విసుగొచ్చి అన్నీ తెచ్చి అంగట్లో ఒక అరలో పేర్చాను. నాయన అన్నీ మళ్లీ సంచిలో వేయించాడు. "నమూనా ఇంట్లోనే ఉండాలప్పా. ఈడ పెడితే ఎవరో ఒకరు అమ్మేస్తారు. అంగట్లో ఉండేదంతా సరుకే" అన్నాడు. పోల్చి చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రెండో మాట చెవిన పడింది గానీ వంటబట్టలేదు.

పెట్టె

బెంగళూరులో చాలా ఏళ్లు చేశాక కర్నూలులో ఒక చిన్న కంపెనీలో చేరాను. యజమాని మస్తాన్ గారు. పాత బస్తీలో మోటర్లకు వైండింగు కట్టే దుకాణంతో మొదలుపెట్టి, బోరు మోటర్లకు స్టార్టరు పెట్టెలు తయారుచేసే దాకా వచ్చిన మనిషి. కంప్యూటరు ముందు కూర్చోవడం ఆయనకు రాదు. కానీ కాలిన మోటరు విప్పి చూస్తే అది ఎలా కాలిందో చెప్పగలడు.

మా వైపు బోర్ల సంగతి తెలిసిందే. కాసేపు పోస్తాయి, ఆగిపోతాయి, ఊట చేరాక మళ్లీ పోస్తాయి. నీళ్లు లేకుండా మోటరు తిరిగితే పాడవుతుంది. అందుకని పెట్టె పది సెకన్లు చూసి, నీళ్లు రావడం లేదని తేలితే మోటరు ఆపాలి. అరగంట ఆగి మళ్లీ వేయాలి. పెట్టెలో ఉండే చిన్న కంప్యూటరుకు కాలం లెక్కపెట్టడం, ఏ పని ముందో ఏది వెనకో చెప్పడం, కరెంటు పోయి వస్తే తేరుకోవడం, ఇవన్నీ చూసే అట్టడుగు ప్రోగ్రామును కెర్నల్ అంటారు. మా కెర్నల్ మేమే రాసుకున్నది. ఎక్కువ భాగం నేనే రాశాను.

దాని సోర్స్ కోడ్ ఒక ఫోల్డర్లో మొదలైంది. పెట్టె లోపలి సర్క్యూట్ బోర్డు రెండో రకం వచ్చినప్పుడు ఆ ఫోల్డరు మొత్తం కాపీ చేసి కొంచెం మార్చాను. మూడో బోర్డుకూ అంతే. ఒక తప్పు దొరికితే మూడు చోట్ల దిద్దాలి. రెండు చోట్ల దిద్ది మూడోది మరిచిపోయిన రోజులున్నాయి. మీరు చేరబోయే చోటు కూడా ఇలాగే ఉంటుంది. "అంతా శుభ్రంగా ఉంటుంది" అని ఇంటర్వ్యూలో చెబితే నమ్మకండి.

సువార్త

సువార్త ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చింది. అమ్మానాన్న కూలికి పోతారు. ఆ ఇంట్లో ఇంజనీరింగు చదివిన మొదటి మనిషి. మా దగ్గర చేరి ఏడాది కాకముందే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒకే కోడు మూడు చోట్ల ఉండాది. మూడూ ఒకటే అని అందరూ అనుకుంటాండారు. కాదు సార్. యాడ తేడా ఉండాదో రాసుకోనొచ్చినా" అని నాలుగు కాగితాలు పెట్టింది.

అన్ని బోర్డులకూ పనికొచ్చేది ఒకచోట 'ఉమ్మడి' ఫోల్డర్లోకి తేవాలి. బోర్డుకు ప్రత్యేకమైనది మాత్రమే వేరే ఉంచాలి. తయారు చేయడం మానేసిన పాత బోర్డు ఫోల్డరు తీసేయాలి. ఇదీ ఆమె ప్రతిపాదన. సరైనదే. నేను దాదాపు ఏడాది ఏదో ఒక సాకు చెప్పి ఆపాను. ఆ గజిబిజిలో ఏది ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు, అందుకే అందరూ నా దగ్గరికి రావాలి. సర్దేస్తే ఆ అవసరం పోతుంది. ఆ మాట అప్పుడు నాలో నేను కూడా అనుకోలేదు. జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. మీ సీనియర్లు "ఇప్పుడు ముట్టుకోవద్దు" అన్నప్పుడు, వాళ్లు కాపాడుతున్నది కోడునా లేక తమనా అని ఒకసారి ఆలోచించండి.

చివరికి మస్తాన్ గారే చేయమన్నారు. సువార్త చేసిన తీరు మాత్రం మీరు నేర్చుకోవాలి. ఫైలు జరిపే అడుగులో ఒక్క అక్షరం కూడా మార్చేది కాదు. మార్చాల్సి వస్తే అది వేరే అడుగు. ప్రతి అడుగుకు ముందూ తర్వాతా కెర్నల్‌ను బిల్డ్ చేసి, పెట్టెలోకి ఎక్కించే ఆఖరి ఫైలును ముందుదానితో పోల్చేది. ఒక్క బైటు తేడా ఉన్నా ఆ రోజు అక్కడితో ఆగేది. ఇది మా నాయన చేసిన పనే. గుప్పెడు పక్కన గుప్పెడు.

మూడో అడుగులో తేడా వచ్చింది. నేను అనుకున్నంతా అయిందని లోలోపల సంతోషపడ్డాను. లోపం జరిగినప్పుడు ఏ ఫైల్లో జరిగిందో చెప్పడానికి కెర్నల్‌లో ఫైలు చిరునామా రాసి ఉంటుంది. ఫైలు చోటు మారితే ఆ చిరునామా మారుతుంది, అంతే. ఆమె సాయంత్రానికే అది కనిపెట్టి, చిరునామా బదులు ఉత్త ఫైలు పేరే నమోదయ్యేలా మార్చుకుని, అక్కణ్ణుంచి లెక్క మళ్లీ మొదటి అడుగుతో మొదలుపెట్టింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. మొదటి పది అడుగులూ నా ఎదుట మళ్లీ చేయించాను. పదీ చేసి చూపించింది.

మొత్తం నలభై మూడు అడుగులు. ఆఖరి అడుగులో కూడా పోలిక సరిపోయింది. పాత బోర్డు ఫోల్డరు తీసేసింది ఆ అడుగులోనే. నేను అడ్డం పడితే, "మార్పుల హిస్టరీలో అంతా ఉంటాది సార్, ఎప్పుడు కావాలన్నా తీసుకోవచ్చు" అంది. సరే అన్నాను.

మరుసటి రోజు పొద్దున ఎవరూ రాకముందే ఆఫీసుకు వెళ్లి, పాత బోర్డు ఫైళ్లన్నీ ఉమ్మడి ఫోల్డర్లోనే ఒక కొత్త ఫోల్డరులో పెట్టాను. వెతుక్కోకుండా అన్నిటికంటే పైన కనిపించాలని దాని పేరుకు ముందు మూడు సున్నాలు తగిలించి, 'పాతది' అని పెట్టాను. మార్పు కింద 'రికార్డు కోసం మాత్రమే' అని రాశాను. నా మార్పులను ఇంకొకరు చూసే ఆనవాయితీ లేదు. పోల్చి చూడాలని నాకూ తోచలేదు, ఎందుకంటే అది నాది.

ఆలూరు

రెండు రోజుల తర్వాత ఆ కోడుతోనే బిల్డ్ చేసి, కొత్త బోర్డు పెట్టెలు పది ఆలూరు వైపు ఇచ్చాం. వారం తిరక్కుండా ఈరన్న అనే రైతు ఫోన్ చేశాడు. మోటరు కాలిపోయింది, ఉల్లి నారు ఎండుతోంది అని. సువార్తా నేనూ బస్సెక్కి వెళ్లాం.

ఈరన్న తిట్టలేదు. బోరు దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. "ఏమప్పా, మీ పెట్టె మోటరును నిలబడనీదు, పండుకోనీదు. ఆపుతాది, రెండు బీడీలు తాగేలోపల మళ్లా లేపుతాది. దినమంతా ఇదే పని" అన్నాడు. అరగంట ఆగాల్సిన పెట్టె ఎందుకలా చేస్తుందని నేను నమ్మలేదు. ఎవరో పెట్టె విప్పి కెలికారేమో అని సీలు చూశాను. సీలు అలాగే ఉంది. ఆయన నన్ను చూసిన చూపు గుర్తుంది. అబద్ధం చెప్పే అవసరం లేని మనిషిని అనుమానిస్తే వచ్చే చూపు అది.

తిరుగు బస్సులో పత్తికొండ దాటాక సువార్త ల్యాప్‌టాప్ మూసి అడిగింది. "సార్, ఉమ్మడి ఫోల్డర్లో మూడు సున్నాల ఫోల్డరు ఒకటి ఉండాది. మీరు పెట్టినారా?"

"అది రికార్డు. దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాను, గొంతు కొంచెం పెంచే. తన తప్పు ఇంకొకరి మీదికి తోయాలని చూస్తోందనుకున్నాను. ఆమె ల్యాప్‌టాప్ సంచిలో పెట్టేసింది. కర్నూలు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మర్నాడు మస్తాన్ గారు ఈరన్న మోటరు విప్పించారు. వైండింగు వేలితో తడిమి చూశారు. "ఇది నీళ్లు లేక కాలింది కాదు. లేచి లేచి కాలింది. బిల్కుల్" అన్నారు. మోటరు లేచే ప్రతిసారీ కరెంటు ఎక్కువ లాగుతుంది. మాటిమాటికీ లేస్తే చల్లారే వ్యవధి ఉండదు. అంటే పెట్టె కాలం లెక్క తప్పింది. మస్తాన్ గారు ఆ పది పెట్టెలూ దింపించి, పాత కోడుతో నడిచే పెట్టెలు పెట్టించారు. కాలం లెక్క ఫైలును జరిపింది సువార్త. నాకు అంతకంటే ఏం కావాలి?

మూడు పేజీల రిపోర్టు రాశాను. సర్దడం వల్లే ఈ నష్టం జరిగిందని, నేను ముందే హెచ్చరించానని, బాధ్యురాలు సువార్త అని. 'రికార్డు ఫోల్డరు మీదికి నెపం నెట్టే ప్రయత్నం కూడా జరిగింది' అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం రాసేటప్పుడు నాకు చాలా తెలివిగా రాశాననిపించింది.

మస్తాన్ గారు రిపోర్టు చదివించుకుని నన్ను పిలిచారు. "శెట్టిగారూ, ఈ కోడు సంగతి నాకు తెలియదు. మీ మాట మీదనే పోతాండా. ఆ పిల్ల తప్పేనా?"

"అవును" అన్నాను.

ఆ సాయంత్రమే సువార్త తన బల్ల సొరుగు ఖాళీ చేసింది. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "వస్తాను సార్" అని మాత్రం అంది. నేను తల ఊపాను.

నలభై నాలుగో అడుగు

ఆమె వెళ్లిపోయినా నాకు ఊరట లేదు. ఏ అడుగులో తప్పు జరిగిందో వేలు పెట్టి చూపలేకపోయాను. సాక్ష్యం లేని రిపోర్టు నాకే అనుమానంగా తోచింది. అందుకని ఆమె అడుగులన్నీ ఒక్కొక్కటే తీసి, బిల్డ్ చేసి, ముందుదానితో పోల్చడం మొదలుపెట్టాను. ఒకటి సరిపోయింది. రెండు సరిపోయింది. భోజనానికి లేవకుండా నలభై మూడూ చూశాను. అన్నీ సరిపోయాయి, ఒక్క బైటు తేడా లేకుండా.

నలభై నాలుగోది సరిపోలేదు. ఆ వరసలో నా పేరు ఉంది.

జరిగింది చాలా చిన్న సంగతి. బిల్డ్ చేసేటప్పుడు కంప్యూటరు ఉమ్మడిలోని లోపలి ఫోల్డర్లన్నిటినీ పేర్ల వరసలో వెతుకుతుంది. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే ముందు దొరికినదాన్ని తీసుకుంటుంది. సున్నాలు అన్నిటికంటే ముందు వస్తాయి. పాత బోర్డు గడియారం సెకనుకు వంద సార్లు కొడుతుంది, కొత్తది వెయ్యి. నేను పైన పెట్టిన పాత ఫైలు, సెకనంటే వంద దెబ్బలని చెప్పింది. దాంతో కొత్త పెట్టెలో అరగంట మూడు నిమిషాలైంది. ఆఫీసులో పరీక్షించినప్పుడు ఎందుకు పట్టుబడలేదంటే, అక్కడ బోర్డు బదులు కంప్యూటరు మీదే నకిలీ గడియారం నడిపేవాళ్లం. అది కూడా ఆ ఫైలునే అడిగి నడిచేది.

బస్సులో ఆమె అడిగిన రోజు ఆ ఫోల్డరు తెరిచి చూసి ఉంటే అయిదు నిమిషాల పని. పెట్టె సీలు చూశాను, ఈరన్న ముఖం చూశాను, సువార్త అడుగులు రెండేసి సార్లు చూశాను. నాది మాత్రం చూడలేదు. నేను అమ్మిందంతా నా నమూనానే. నాయన ఉంటే ఆయన ముందు నిలబడలేకపోయేవాణ్ణి.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇది కూడా రాస్తున్నాను. గుట్టుగా ఆ ఫోల్డరు తీసేస్తే సరిపోతుంది, ఎవరూ చూడరు అని మొదటి రోజు అనుకున్నాను. ఇంకో పని చూసుకుని ఉంటుందిలే అని రెండో రోజు అనుకున్నాను. మూడో రోజు ఈరన్న ఫోన్ చేశాడు. కొత్త మోటరు దించారు, పాత పెట్టె బాగానే నడుస్తోంది అని చెప్పి, "ఆ పాప బాగుండాదా? ఆయమ్మ ఒక్కతే నా మాట కాగితం మీద రాసుకునింది" అన్నాడు. ఫోన్ పెట్టేసి మస్తాన్ గారి గదిలోకి వెళ్లాను.

ఆయన అంతా విన్నారు. కోపగించుకోలేదు. "నా దగ్గరికి ఎందుకొచ్చినారు? ఆ పిల్ల ఇంటికి పోండి" అన్నారు.

ఆత్మకూరు దారి

వాళ్ల ఇల్లు చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. వాళ్ల నాన్న కుర్చీ తెచ్చి నీడన వేశాడు. నేనెవరో తెలిసే వేశాడు. సువార్త వచ్చి గడప దగ్గర నిలబడింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నలభై నాలుగు అన్నప్పుడు ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"మీరు పోల్చి చూస్తారని తెలుసు సార్. ఎన్ని దినాలకు చూస్తారా అని లెక్కపెట్టుకుంటాండా" అంది.

మస్తాన్ గారు మళ్లీ రమ్మన్నారని చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"రాను సార్. ఇంక మీరు నన్ను నమ్ముతారు, అది తెలుసు. నేను మిమ్మల్ని నమ్మాలంటే శానా కాలం పడుతుంది. ఆ ఫోల్డరు మాత్రం మీరే తీసేయండి. ఎందుకు తీస్తాండారో రాసి తీయండి. రిపోర్టులో నా పేరు రాసినారు కదా, దాంట్లోనూ ఇదే రాయండి."

నాకు ఏడుపొచ్చింది. వాళ్ల నాన్న చూడకూడదని చెప్పులు సరిచేసుకున్నట్టు వంగాను.

కర్నూలుకు వచ్చి ఆ రాత రాశాను. ఫైలు పెట్టింది నేను, పోల్చి చూడనిది నేను, సువార్త బస్సులోనే అడిగింది, నేను వినలేదు, రిపోర్టు తప్పు. ఆ రాత ఇప్పటికీ మా కెర్నల్ చరిత్రలో ఉంది. కొత్తగా చేరిన వాళ్లందరికీ మొదటి రోజు అదే చదివించేవాణ్ణి. రిపోర్టును కూడా మస్తాన్ గారు వెనక్కి తీసుకుని, సువార్త పనితనాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాసి పంపారు. ఆ తర్వాత నా మార్పులను కూడా ఇంకొకరు చూడాలనే నియమం పెట్టాం. కొత్త పిల్లలు నా కోడులో తప్పు చూపడానికి మొదట్లో జంకేవాళ్లు. చూడండి, అందుకే కూర్చోబెట్టాను అనేవాణ్ణి.

సువార్తకు కడపలో పని దొరికింది. డ్రిప్పు వాల్వులు తిప్పే పెట్టెలు చేసే చిన్న కంపెనీ. కొన్నాళ్లకు వాళ్లు మా కెర్నలే వాడుకుంటామని అడిగారు. అప్పటి నుంచి మేము పంపే ప్రతి మార్పూ అక్కడ ఆమె చేతి మీదుగానే వెళ్లేది. నేను పంపినవి రెండు మూడు రోజులు ఆగేవి. ఒకసారి కోడు పక్కన మనుషుల కోసం రాసే వ్యాఖ్యలో ఒక్క అక్షరం దిద్ది, కోడు ముట్టుకోలేదని రాసి పంపాను. అయినా ముందుదీ తర్వాతదీ బిల్డ్ చేసి పోల్చాకే తీసుకుంది. మా వాళ్లు అది చూసి, సార్‌ను ఇంకా నమ్మదు అని నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను. వాళ్లు అన్నది నిజమే.

ఉద్యోగంలో నా ఆఖరి రోజున ఒకే ఒక్క వరుస మార్పు పంపాను. పెద్దదేమీ కాదు, ఎక్కడో మిగిలిపోయిన పాత బోర్డు పేరు తీసేశాను. సన్మానం, శాలువా, ఫొటోలు అయ్యాక ఇంటికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. ఈసారి రెండు రోజులు ఆగలేదు.

"పోల్చి చూసినా సార్" అంది సువార్త. "సరిగ్గానే ఉండాది."